ఇకపై మా ఫోన్ల వివరాల్లో ‘మిలిటరీ గ్రేడ్’ అని రాయం

మా దగ్గర రగ్గెడ్ ఫోన్లు, అంటే దెబ్బలకూ నీళ్లకూ తట్టుకునేలా చేసిన ఫోన్లు కొన్నవాళ్లకీ, కొందామని చూస్తున్నవాళ్లకీ ఒక మాట. ఇవాళ్టి నుంచి మేము రాసే వివరాల్లో ‘మిలిటరీ గ్రేడ్’ అన్న మాట ఉండదు. కంపెనీ పెట్టె మీద ఉంటే ఉంటుంది, అది మా చేతిలో లేదు. మేము రాసే చోట మాత్రం ఫోన్‌ను ఎంత ఎత్తు నుంచి వేశాం, ఏ నేల మీద వేశాం, ఆ తర్వాత అది ఎలా ఉంది అన్నదే రాస్తాం.

ఆ మాట చదివినవాళ్లలో చాలామంది, సైన్యమే ఈ ఫోన్‌ను పరీక్షించి ముద్ర వేసిందనుకుంటున్నారు. అలా జరగదు. దాని వెనక ఉన్నది మిల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా రక్షణ శాఖ ప్రమాణం. అందులో 810హెచ్ కూర్పు 2019లో వచ్చింది. వేడి, చలి, దుమ్ము, ఉప్పు గాలి, కుదుపులు, కింద పడటం, ఇలాంటి పరీక్షలు ఎలా చేయాలో అది చెబుతుంది. వాటిలో ఏవి చేయాలి, ఎంత గట్టిగా చేయాలి అన్నది వస్తువు వాడకాన్ని బట్టి తేల్చుకోమంటుంది. ఫోన్లకు ఆ శాఖ సర్టిఫికెట్లేమీ ఇవ్వదు. కంపెనీ తన ల్యాబ్‌లోనే పరీక్ష చేసుకోవచ్చు, రెండు మూడు రకాలే చేసి ఆ పేరు పెట్టె మీద వేసుకోవచ్చు. అది అబద్ధమని మేము అనడం లేదు. కొనేవాళ్లకు తెలియాల్సిన విషయం మాత్రం అందులో లేదు.

కింద పడే పరీక్షనే తీసుకోండి. మొత్తం 26 దెబ్బలు: 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు, ఒక్కోదాని మీద ఒక్కోసారి. ఎత్తు 122 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులు. వింటే గట్టి పరీక్షే అనిపిస్తుంది. కానీ 2008 నాటి 810జీ కూర్పులో ఫోన్ పడేది కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద. పైగా ఆ 26 దెబ్బలూ ఒకే ఫోన్ తినక్కర్లేదు, ఐదు ఫోన్లకు పంచవచ్చు. అప్పుడు ఒక్కోదాని వంతుకు వచ్చేవి ఐదారే. చెక్క కొంచెమైనా లొంగుతుంది, కంకర రాయి లొంగదు. దాని మొన దెబ్బనంతా అద్దంలో ఒకే చుక్క మీద దించుతుంది. అందుకే ఆ పరీక్ష నెగ్గిన ఫోన్ కూడా నడుమెత్తు నుంచి కంకర మీద పడితే పగలొచ్చు.

నీళ్ల సంగతికొస్తే, దుమ్మునూ నీళ్లనూ ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీ. ఐపీ68లో 6 అంటే దుమ్ము లోపలికి పోదని. చివరి అంకె 7 అయితే మీటరు లోతులో అరగంట. 8 అయితే అంతకన్నా కఠినమైన పరీక్షే, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పే లెక్క. కాబట్టి రెండు ఐపీ68 ఫోన్లు ఒకటే కావు. ఇక ‘ఐపీ69కె’ (IP69K) అన్న గుర్తుది పూర్తిగా వేరే పరీక్ష. 80 డిగ్రీల వేడి నీటిని 10-15 సెంటీమీటర్ల దూరం నుంచి విపరీతమైన ఒత్తిడితో నాలుగు కోణాల్లో, ఒక్కో కోణంలో 30 సెకన్ల చొప్పున కొడతారు. అందులో నెగ్గినంత మాత్రాన మునిగినా తట్టుకుంటుందని అర్థం కాదు, అందుకే రెండు గుర్తులూ పక్కపక్కన వేస్తారు.

ముంచే పరీక్ష మంచినీళ్లలో చేస్తారు. సముద్రపు నీళ్లు ఛార్జింగ్ పిన్నులను తినేస్తాయి. సబ్బు నీళ్లు మామూలు నీళ్లు దూరలేని సందులోకి కూడా జారతాయి. ఎండలో కాలిన ఫోన్‌ను చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి నీటిని లోపలికి లాగుతుంది.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టేది ఇంకొకటి. ల్యాబ్‌లో పడేసే ఫోన్ వేరు, ముంచే ఫోన్ వేరు, రెండూ కొత్తవే. మీ జేబులో ఉన్నది మాత్రం ముందు పడుతుంది, తర్వాత తడుస్తుంది. అందుకే మేము ఒకే ఫోన్‌ను సిమెంటు నేల మీద మూలలకు తగిలేలా వేసి, ఆ తర్వాతే నీళ్లలో పెడుతున్నాం. పడ్డాక స్క్రీన్ మీద గీత కూడా లేని ఒక ఫోన్‌లో, సిమ్ ట్రే పక్కన ఫ్రేము గోరు పట్టేంత సందు విచ్చింది. కాల్స్, కెమెరా అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. నీళ్లలోంచి తీశాక ఆ ట్రేలో తడి ఉంది.

వెనక మూత ఊడదీసే మోడళ్లకైతే లోపల టిష్యూ పేపరు పెట్టి ముంచుతాం. ఒకసారి రబ్బరు సీలు మీద ఒక వెంట్రుక అడ్డంగా ఉండిపోయింది. మూత ఎప్పటిలాగే టక్కుమని బిగిసింది. తీసి చూస్తే సరిగ్గా వెంట్రుక ఉన్నచోటి నుంచి పేపరు మీద సన్నటి తడి చార. కాబట్టి బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ ఆ సీలును మెత్తటి బట్టతో చుట్టూ తుడవండి. ఇసుక రేణువు ఉన్నా ఇంతే.

ఈ ఫలితాలు ఒక్కో మోడల్ పేరు కిందే రాస్తున్నాం, బాగోలేనివి కూడా. దీనివల్ల కొన్ని మోడళ్లు అమ్ముడుపోకపోవచ్చు. ఫోన్ నమ్ముకుని నీళ్ల మధ్య, ఎత్తుల మీద పనిచేసేవాళ్లు మా కస్టమర్లలో ఉన్నారు, వాళ్లకు ఈ సంగతి కొన్నాక తెలియడం మాకు ఇష్టం లేదు. నీళ్లవల్ల చెడితే చాలా కంపెనీల వారంటీ వర్తించదని కూడా పక్కనే రాస్తాం. లోపల ఉండే తెల్ల స్టిక్కరు తడిసి ఎర్రబడితే కంపెనీ సర్వీసు సెంటరులో దాన్నే చూపిస్తారు.

మా దగ్గర కొన్న ఫోన్ ఎప్పుడైనా గట్టిగా పడి ఉంటే, లేదా పోర్టు మీది రబ్బరు మూత వదులైతే, నీళ్ల దగ్గర వాడకముందు ఒకసారి తెచ్చి చూపించండి. చూసినందుకు డబ్బు తీసుకోం. సీలు మార్చాల్సి వస్తే ఖర్చెంతో ముందే చెబుతాం. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచి ఉంటే మాత్రం దాన్ని నొక్కి మూయకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఆపేసి, అలాగే తెచ్చివ్వండి.