మూర్తికి, ముస్సోలినీ గురించి

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అమ్మ మోకాళ్ళ నొప్పులు మాత్రం యథాప్రకారం. మీ పెద్దది అప్పుడే టెన్త్‌కి వచ్చేసిందంటే నమ్మబుద్ధి కావట్లేదు. సరే, అసలు సంగతికొస్తాను. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అన్ని దేశాల్లో నియంతలు ఎలా పుట్టుకొచ్చారో రాసుకు రమ్మని దానికి స్కూల్లో ప్రాజెక్ట్ ఇస్తే, నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావన్నమాట: "జనం ఆకలితో ఉన్నారు, గట్టిగా మాట్లాడేవాడు దొరికాడు, ఓట్లేసి నెత్తిన పెట్టుకున్నారు." మనం చదివిన పాఠంలోనూ అంతేగా, వెర్సైల్స్ సంధి, ఆర్థిక మాంద్యం, హిట్లర్, అయిపోయింది. పైగా అవునా కాదా చెప్పమని నన్నడిగావు. కాదు. పూర్తిగా తప్పని అనను గానీ, సగం కథ దాంట్లో లేనే లేదు. ఓపిగ్గా చదువు, మధ్యలో ఆపి ఫోన్ చెయ్యకు.

మాంద్యం మొదలైంది 1929లో. ఇటలీలో ముస్సోలినీ ప్రధాని అయింది 1922లో. నీ థియరీకి మొదటి దెబ్బ అక్కడే. ఇక ఓట్లంటావా, అతను కుర్చీ ఎక్కేనాటికి ఇటలీ పార్లమెంటులో 535 సీట్లుంటే అతని పార్టీ ఫాసిస్టులవి 35. అంతకు ముందు 1919 ఎన్నికల్లో అయితే ఒక్కటీ రాలేదు. అతని సొంత అడ్డా మిలన్‌లో అయిదు వేల ఓట్లు కూడా పడకపోతే, సోషలిస్టులు ఉత్తుత్తి శవపేటిక ఒకటి తయారుచేసి అతని ఇంటి ముందు నుంచే ఊరేగింపు తీశారు, ముస్సోలినీ రాజకీయంగా పోయాడని. మూడేళ్ళు తిరక్కుండా ఆ పోయినవాడే దేశానికి ప్రధాని. హిట్లర్ సంగతీ చూడు, స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో అతనికి వచ్చిన అత్యధికం 1932 జులైలో 37.3 శాతం, అదే ఏడాది నవంబరుకి అది 33.1కి పడిపోయింది. అంటే గ్రాఫ్ కిందికి దిగుతున్నప్పుడు పిలిచి ఛాన్సలర్ పదవి, అంటే అక్కడి ప్రధాని పదవి, ఇచ్చారు. జర్మనీలో అరవై లక్షల మందికి పని లేదన్నది నిజమే, ఆ బాధని తక్కువ చెయ్యట్లేదు. కానీ అమెరికాలో నలుగురిలో ఒకరికి పని లేని రోజులవి, అక్కడ రూజ్‌వెల్ట్ వచ్చాడు గానీ నియంత రాలేదుగా?

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. 35 సీట్లవాడికి ప్రధాని పదవి ఇచ్చిందెవరు?

ఇటలీ సంగతే వివరంగా రాస్తాను, ఎందుకంటే అది మొదటిది, తర్వాతి వాళ్ళంతా అక్కడే పాఠం నేర్చుకున్నారు. మొదటి యుద్ధంలో గెలిచిన పక్షంలోనే ఉన్నా, ఆరు లక్షల మంది దాకా సైనికుల్ని పోగొట్టుకున్నా, దక్కింది చాల్లేదన్న కసి అక్కడ. 1919, 1920 రెండేళ్ళూ సమ్మెలే సమ్మెలు. 1920 సెప్టెంబరులో టురిన్, మిలన్‌లలో కార్మికులు ఫ్యాక్టరీల్నే ఆక్రమించి కూర్చున్నారు. అప్పటి ప్రధాని జొలిత్తి, డెబ్బై ఏడేళ్ళ ముసలాయన, మహా ఘటికుడు, సైన్యాన్ని పంపకుండా, తొందరపడకుండా, బేరాలాడి వాళ్ళని బయటికి రప్పించాడు. విప్లవం రాలేదు. కానీ వస్తుందన్న భయం మాత్రం ఫ్యాక్టరీ యజమానులకీ భూస్వాములకీ పట్టుకుంది, అది వదల్లేదు.

సరిగ్గా ఆ భయం మీదే ముస్సోలినీ బేరం పెట్టుకున్నాడు. పో నది మైదానం పల్లెల్లో కూలీల సంఘాలు బలంగా ఉండేవి, ఎవరి పొలంలో ఎంతమందికి పని ఇవ్వాలో కూడా సంఘమే చెప్పేది, భూస్వాములకి అది ఒళ్ళు మండే విషయం. 1920 చలికాలం నుంచి ఫాసిస్టుల నల్లచొక్కాల దండులు రాత్రిళ్ళు లారీలెక్కి ఊళ్ళమీద పడేవి. సంఘం ఆఫీసు తగలబెట్టడం, సహకార దుకాణం ధ్వంసం చెయ్యడం, నాయకుణ్ణి భార్యాపిల్లల ముందే ఈడ్చుకొచ్చి దుడ్డుకర్రలతో కొట్టడం. వాళ్ళకి ఇంకో ఇష్టమైన పద్ధతి ఉండేది, నోరు తెరిపించి ఆముదం పొయ్యడం. మన అమ్మమ్మలు చెంచాతో పట్టేవాళ్ళే, అదే ఆముదం, లీటరు దాకా. కొందరు చచ్చిపోయారు కూడా. చావకపోయినా, ఊళ్ళో పెద్దమనిషిగా తిరిగినవాడు ఆ తర్వాత నలుగురిలో తలెత్తుకోలేడు, అసలు ఉద్దేశం అదే. పోలీసులు అటు తిరిగి నించునేవాళ్ళు. డబ్బు భూస్వాములది.

ఇప్పుడు జొలిత్తి ఏం చేశాడో విను. ముల్లుని ముల్లుతో తీద్దామనుకున్నాడు. 1921 మే ఎన్నికల్లో ఫాసిస్టుల్ని తన కూటమి జాబితాలో చేర్చుకున్నాడు, సోషలిస్టులు కాస్త తగ్గితే చాలు, పార్లమెంటులో కూర్చుంటే ఈ కుర్రాళ్ళూ దారికొస్తారని. ఆ 35 సీట్లు అలా వచ్చినవే. నాకు ముస్సోలినీ కన్నా ఈ ముసలాయన మీదే కోపమెక్కువ. ముస్సోలినీ తనేంటో దాచుకోలేదు, ఈయనకి అన్నీ తెలుసు.

1922 అక్టోబరు 28, "రోమ్ మీదికి దండయాత్ర". పేరు విని ఏదో మహా యుద్ధం అనుకునేవు. పాతిక ముప్పై వేల మంది, సగం మందికి సరైన తుపాకుల్లేవు, తిండి లేదు, వానలో తడుస్తూ రోమ్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆగిపోయి ఉన్నారు. రోమ్‌లో సైన్యం సిద్ధంగా ఉంది. ప్రధాని ఫాక్తా, మామూలుగా మెతక మనిషే, అయినా ఆ రాత్రి మంత్రివర్గాన్ని కూర్చోబెట్టి మార్షల్ లా ఉత్తర్వు తయారు చేయించాడు, గోడలకి నోటీసులు కూడా అంటించడం మొదలెట్టారు. పొద్దున్నే రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ దగ్గరికి సంతకానికి తీసుకెళ్తే, ఆయన పెట్టనన్నాడు. అంతే. అంటించిన నోటీసులు మళ్ళీ పీకాల్సి వచ్చింది. ఎందుకు పెట్టలేదంటే చరిత్రకారులు రకరకాలుగా చెప్తారు, అంతర్యుద్ధం భయమని, సైన్యం మీద అనుమానమని, తన స్థానంలో చుట్టాన్ని కూర్చోబెడతారన్న బెంగ అని. అప్పుడు మన వీరుడెక్కడున్నాడు? మిలన్‌లో. దండయాత్రలో నడవనే లేదు. రాజు కబురంపాక రాత్రి రైలెక్కి, 30న పొద్దున రోమ్‌లో దిగి, ముప్ఫై తొమ్మిదేళ్ళకే ప్రధాని అయ్యాడు. తర్వాత దాన్ని మహా విప్లవంగా ప్రచారం చేసి ఏకంగా కొత్త శకమే మొదలెట్టారు, మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం అంటూ లెక్క. అంతా చేసి అది ఒక రైలు ప్రయాణంరా!

నవంబరులో విశ్వాస పరీక్ష పెడితే అనుకూలం 306, వ్యతిరేకం 116. ఫాసిస్టులు ముప్పై అయిదు మందేగా, మిగతా వాళ్ళెవరు? ఉదారవాదులు, కేథలిక్ పార్టీ వాళ్ళు, మన జొలిత్తి. కావాలనుకుంటే ఈ బూడిదరంగు హాలుని నా సైనికుల విడిదిగా మార్చగలిగేవాణ్ణని అదే సభలో ముఖంమీదే అన్నాడు, విని కూడా ఓటేశారు. మరుసటి ఏడాది ఇంకో చట్టం, పాతిక శాతం ఓట్లు దాటి మొదటి స్థానంలో వచ్చిన జాబితాకి మూడింట రెండొంతుల సీట్లు. అదీ పాసైంది.

మత్తెయోత్తి గురించి నీకు తప్పకుండా చెప్పాలి. సోషలిస్టు ఎంపీ, ఉన్నవాళ్ళ కుటుంబం, లాయరు, లెక్కల్లో పట్టున్న మనిషి. 1924 ఏప్రిల్ ఎన్నికల్లో జరిగిన కొట్లాటలు, బెదిరింపులు అన్నీ మే 30న సభలో ఒక్కొక్కటిగా బయటపెట్టాడు. అడుగడుగునా అరుపులు, బల్లలు చరచడం. అయినా మానలేదు. కూర్చున్నాక పక్కనున్నవాళ్ళతో, "నా పని అయింది, ఇక నా సంతాప ప్రసంగం మీరు తయారు చేసుకోండి" అన్నాడని చెప్తారు. జూన్ 10 మధ్యాహ్నం, టైబర్ నది ఒడ్డున నడిచి వెళ్తుంటే పట్టపగలే లాన్చా కారులోకి కుక్కి ఎత్తుకుపోయారు. కానీ అంతకు ముందే ఆ కారు అక్కడక్కడే తచ్చాడుతుంటే దొంగలేమోనని అనుమానమొచ్చి దగ్గర్లో వాచ్‌మన్ ఒకాయన నంబరు రాసి పెట్టుకున్నాడు! దాంతో తీగ లాగితే డొంకంతా కదిలింది, ముస్సోలినీ ఆఫీసు మనుషుల దాకా వెళ్ళింది. శవం ఆగస్టులో ఊరి బయట అడవిలో దొరికింది.

ఆ వేసవి ముస్సోలినీ నిజంగా వణికాడు. నిన్నటిదాకా ఫాసిస్టు బ్యాడ్జి పెట్టుకు తిరిగినవాళ్ళు తీసి జేబులో వేసుకున్నారు. ఒక్క తోపు తోస్తే పడేవాడే. ప్రతిపక్షం ఏం చేసిందో తెలుసా, వందకు పైగా ఎంపీలు సభని బహిష్కరించి బయటికెళ్ళి కూర్చున్నారు, రాజు ఏదో ఒకటి చేస్తాడని. ఏ రాజు? ఆ రాజే. సెనేట్‌లో ఇంకా ఘోరం, క్రోచే అంతటి తత్వవేత్త కూడా ప్రభుత్వానికే ఓటేశాడు, తర్వాత తెలిసొచ్చి ఎదురు తిరిగాడనుకో. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో లేచి, జరిగినదానికంతా నాదే బాధ్యత, ఫాసిజం నేరస్థుల ముఠా అయితే ఆ ముఠా నాయకుణ్ణి నేనే అన్నాడు. మంత్రుల మీద నేరం మోపే హక్కు సభకి ఉందని చెప్పే రాజ్యాంగంలోని 47వ అధికరణం కూడా చదివి, ఎవరైనా దీన్ని వాడదల్చుకున్నారా అని అడిగాడు. లేచేవాళ్ళెవరూ ఆ హాల్లో లేరు. 1926 చివరికల్లా మిగతా పార్టీలు రద్దు, పత్రికలు బంద్, ఎన్నికైన మేయర్ల బదులు నియమించిన అధికారులు, గిట్టనివాళ్ళు దీవుల్లో ప్రవాసం. ఆ ఏడాదే మన టాగోర్ అతని అతిథిగా ఇటలీ తిరిగి మెచ్చుకుని, స్విట్జర్లాండ్ వెళ్ళాక అసలు విషయం తెలిసి పత్రికలో ఖండించాడు.

జర్మనీ నీకు తెలిసిన కథే. పాపెన్ అనే ఇంకో పెద్దమనిషి, మాజీ ఛాన్సలర్, హిట్లర్ని మనం పనికి పెట్టుకున్నామన్నట్టు మాట్లాడాడు. మొదటి మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే, మిగతావాళ్ళం చుట్టూ ఉన్నాం కదా అన్న ధీమా. రెండు నెలలు కాకముందే, 1933 మార్చి 23న, 444కి 94 ఓట్లతో పార్లమెంటే తన అధికారాలన్నీ అతని చేతిలో పెట్టింది. పోలండ్‌లో 1926లో ఒకప్పటి సోషలిస్టు, సేనాని పిల్సూద్‌స్కీ సైన్యంతో దిగితే సాయపడింది వామపక్షం, మనవాడే కదా అని. రైల్వే కార్మికులు సమ్మె చేసి ప్రభుత్వ బలగాలు రాకుండా ఆపారు. అంటే ఈ జబ్బు కుడివాళ్ళదే అనుకోకు.

నియంతలకి తలుపు తీసేది లోపలున్న పెద్దలే అన్న నా మాట స్పెయిన్‌కి వర్తించదు, ఫ్రాంకో మూడేళ్ళు యుద్ధం చేసే వచ్చాడు. ఒప్పుకుంటాను. కానీ ఫిన్లాండ్ చూడు. అక్కడా లాపువా ఉద్యమమని ఇలాంటి గుంపే, ఎడమవైపు వాళ్ళని కిడ్నాప్ చేసి కొట్టి రష్యా సరిహద్దుకి తోలడం. 1932 ఫిబ్రవరి చివర్లో మంత్సాలా అనే ఊళ్ళో ఆయుధాలతో తిరుగుబాటు. అధ్యక్షుడు స్విన్‌హువుద్ పక్కా సంప్రదాయవాది, వాళ్ళ మద్దతుతోనే గెలిచినవాడు. ఆయన రేడియోలో మాట్లాడి, ఆయుధాలు పట్టుకొచ్చిన కుర్రాళ్ళు ఇళ్ళకి పోతే ఏమీ అనం, నాయకుల్ని మాత్రం వదలం అన్నాడు. మెల్లగా ఇళ్ళకి పోయారు. బెల్జియంలో 1937లో దెగ్రెల్ అనే ఇలాంటి గుంపు నాయకుడు ఉప ఎన్నికలో నిలబడితే, కేథలిక్కుల నుంచి కమ్యూనిస్టుల దాకా అందరూ ఒకే అభ్యర్థి వెనక నిలబడి చిత్తుగా ఓడించారు.

మీ అమ్మాయిని ఈ ఫిన్లాండ్ ముక్క తప్పకుండా రాయమను. టెక్స్ట్‌బుక్‌లో లేదని టీచర్ మార్కులు కోస్తే మాత్రం నన్ననకు, ఆ రిస్క్ నీదే. ఇంకా ఒప్పుకోనంటావా, నువ్వు నమ్మే "ఆకలి" లెక్కలో ఫిన్లాండ్ రైతుల అప్పుల సంగతి ఎక్కడ పెడతావో రాయి, అక్కడ పొలాలు వేలంలో పోతున్న రోజులే అవి కూడా. సంక్రాంతికి వస్తే మిగతా దెబ్బలాట నేరుగా వేసుకుందాం.

నీ
రాంబాబు