రూటర్ యాంటెనాలు, మన నేవీ ఆఫీసరు

అందరికీ నమస్కారం. వైఫై రూటర్‌కి అన్ని యాంటెనాలెందుకని నిన్న అడిగారు కదా. దాని వెనక మన నేవీ ఆఫీసరు ఒకాయన ఉన్నారు.

కమొడోర్ ఆరోగ్యస్వామి పాల్‌రాజ్‌ది పొల్లాచ్చి. 15 ఏళ్లకే సైనిక అధికారులకు శిక్షణనిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ(ఎన్‌డీఏ)లో చేరారు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచేసింది. మన సోనార్లు (శబ్దాన్ని పంపి, ప్రతిధ్వనిని బట్టి నీళ్లలో జలాంతర్గాములను కనిపెట్టే పరికరాలు) చాలవని అప్పుడు బాగా తెలిసొచ్చింది. వాడుకలో ఉన్న బ్రిటిష్ సోనార్‌ను మెరుగుపరిచే పని పాల్‌రాజ్‌ గారి మీద పడింది. ఆ తర్వాత కొచ్చిలో ఆయన బృందం ‘అప్సో’ సోనార్‌ను ఇక్కడే తయారుచేసింది. సముద్రం రొదలోంచి అసలు ప్రతిధ్వనిని ఏరి పట్టుకోవడం మాటలు కాదు!

1991లో రిటైరై స్టాన్‌ఫర్డ్ వెళ్లారు. అక్కడ పుట్టిందే మైమో (పంపేచోట, అందుకునేచోట పలు యాంటెనాలు వాడే పద్ధతి) ఆలోచన. 1992లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. గోడలకు తగిలి సిగ్నల్ చెల్లాచెదురవడం రేడియో ఇంజనీర్లకు తలనొప్పి. ఆయన మాత్రం ఆ వేర్వేరు దారులనే వాడుకుని, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలు యాంటెనాలతో వేర్వేరు డేటా ఒకేసారి పంపొచ్చన్నారు. మొదట్లో నమ్మినవాళ్లు తక్కువే. ఇప్పుడు 4జీ, 5జీ, వైఫై అన్నిట్లో అదే ఉంది. 2010లో పద్మభూషణ్, 2014లో మార్కోని ప్రైజ్ వచ్చాయి.

గ్రూపులో నేవీలో చేసినవాళ్లెవరైనా ఉంటే సోనార్ సంగతులు ఇంకొంచెం రాయండి.