వరద గోదారిని కుట్టానే!

పద్దూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు కోపంగా ఉంటావని తెలుసు, క్షమించవే. అందరం బాగున్నాం. మావారి బదిలీ ఆగింది, చంటాడికి జ్వరం తగ్గింది, అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. అయ్యాయా కబుర్లు? ఇక అసలు సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

నేను గోదారిని కుట్టాను! మామూలు గోదారి కాదు, అమ్మమ్మ చెప్పే 1986 ఆగస్టు వరద. భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చిందే, ఆ వరద. డాబా మీద పడుకుని ఎన్నిసార్లు విన్నాం! నువ్వు ప్రతిసారీ "దూడ ఏమైంది అమ్మమ్మా?" అనేదానివి. కంగారు పడకు, దూడ పడవలోనే ఉంది. తెల్లదారంతో భద్రంగా కుట్టాను.

ట్రంకుపెట్టెలో అమ్మమ్మ నేతచీరలు ఉన్నాయి చూడు, ఉతికి ఉతికి మల్లెపువ్వంత మెత్తగా అయిపోయినవి. వాటిని మూడు పొరలుగా పరిచి, కదలకుండా మధ్యలోంచి అంచులకి కచ్చా కుట్లు వేశాను. అచ్చం బొంతకి వేసినట్టే. అమ్మ చూసి "బొంతకి బొమ్మలెందుకే?" అంది. బెంగాల్లో కాంథా అంటే ఇదేగా! బిహార్‌లో భుసురా ఊరి ఆడవాళ్ళయితే సుజనీ అనే తమ బొంతల మీద వరకట్నం గోడు, తాగొచ్చి కొట్టే మొగుళ్ళ సంగతి కూడా సూదితోనే చెప్పేశారు. అలాంటి సుజనీ ఒకటి ఎగ్జిబిషన్‌లో చూసి అక్కడే నిలబడిపోయాను. పువ్వులూ నెమళ్ళే కుట్టాలని ఎవరన్నారు మనకి?

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వస్తా. నీళ్ళకి వేసింది బొంత కుట్టేనే, ఉత్త రన్నింగ్ స్టిచ్. వరస పక్కన వరస దగ్గరదగ్గరగా వేస్తూ దారం కొంచెం బిగించి లాగుతుంటే, కుట్టుకీ కుట్టుకీ మధ్య బట్ట చిన్నగా ఉబ్బి ముడతలు పడుతుంది. ఆ ముడతలే అలలు! కొబ్బరిచెట్టు మొదలు దగ్గర వరసల్ని గుండ్రంగా తిప్పాను. అక్కడ సుడి తిరుగుతున్నట్టే ఉంది పద్దూ, ఒట్టు. చెయ్యి పెట్టి తడిమితే వేళ్ళకి తగులుతుంది. రంగుతో గీసిన బొమ్మలో అది రమ్మన్నా రాదు.

ఇక రంగు. వరద నీళ్ళు నీలంగా ఉండవుగా, ఎర్రమట్టి కలిసి ఉంటాయి. యాంకర్ ఎంబ్రాయిడరీ దారం విప్పితే ఆరు పోగులు వస్తాయి కదా, అందులోంచి ఇటుకరంగు పోగొకటీ, బూడిదరంగు పోగొకటీ కలిపి ఒకే సూదిలో ఎక్కించాను. రెండూ మెలి తిరుగుతూ ఒక కుట్టులో ఇది పైకి, ఇంకో కుట్టులో అది పైకి. దూరం నుంచి చూస్తే రెండు రంగులనిపించవు, బురద కలిసిన నీరే. గట్టు దగ్గర పసుపు పోగు కలిపాను, అక్కడ ఎండ పడినట్టుంది.

చెట్ల మొదళ్ళకి కాడ కుట్టు, పడవ తాడుకి గొలుసు కుట్టు. తాటాకు కప్పు మీద కూర్చున్న జనమంతా ముడి కుట్లే, ఒక్కొక్కరూ ఆవగింజంత. అందులో ఎర్ర ముడి అమ్మమ్మ. ఆ ముడి బిగించేటప్పుడు మాత్రం... ఏమో, కాసేపు సూది పక్కన పెట్టేశాను. అప్పటికి ఆవిడకి మన వయసు కూడా లేదే. చంకలో పిల్లతో రాత్రంతా ఆ కప్పు మీద... సరే వదిలెయ్. జీవితమంతా బొంతలు కుట్టిన మనిషి, ఇది చూసుంటే ముందు వెనక్కి తిప్పి ముడులు ఎలా ఉన్నాయో చూసేది, అవునా?

ఆకాశం ఇంకా ఖాళీగానే ఉంది. వాన కుట్టాలా, అలా వదిలేయాలా? నాకైతే చీర నేతే మబ్బులా కనిపిస్తోంది, ముట్టుకోబుద్ధి కావట్లేదు. నువ్వేమంటావో రాయి. ఇంకోటి, మీ నానమ్మగారి చిలకాకుపచ్చ చీర ముక్క మిగిలుంటే పంపవే, లంక అంచున అరటితోటకి కావాలి. మన "సోమవారం సుబ్బులు" హైదరాబాద్‌లోనే కనిపించిందని చెప్పానా? అబ్బో, అదో పెద్ద కథ, ఆవిడ నన్ను చూడగానే ఏం చేసిందంటే

అయ్యో, స్కూలు బస్సు హారన్ కొడుతోంది. ఉంటానే, త్వరగా రాయి.

నీ
చిట్టి