మన తీరంలో మోకు లేకుండా రాళ్ళెక్కుతున్నారు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం థాయ్‌లాండ్‌లోని క్రబీకి వెళ్ళొచ్చింది. నేను, మావారు, 11 ఏళ్ళ అమ్మాయి, 7 ఏళ్ళ బాబు, మా అత్తగారు. విశాఖలో ఉంటూ సముద్రం కోసం అంత దూరం ఎందుకని చుట్టాలంతా అడిగారు. మేం వెళ్ళింది సముద్రం కోసం కాదు, అమ్మాయి కోసం. వేసవి శిబిరంలో ప్లాస్టిక్ పట్టులు బిగించిన గోడ ఎక్కినప్పటి నుంచి దానికి నిజం రాయి ఎక్కాలని ఒకటే కోరిక. ఎప్పుడూ ఎక్కనివాళ్ళకు వీలైన రాయి కావాలి, పెద్దావిడ కూర్చోవడానికి నీడ కావాలి, బాబు ఆడుకోవడానికి ఇసుక కావాలి. ఈ మూడూ ఒకేచోట దొరుకుతాయని తెలిసి క్రబీ దగ్గరి రైలే అనే తీరాన్ని ఎంచుకున్నాం.

రైలే దీవి కాదు. కానీ వెనకంతా నిటారు సున్నపురాయి కొండలు అడ్డుగా ఉండడంతో పడవ తప్ప దారి లేదు. అక్కడ రాయి ఎక్కడం నేర్పే బళ్ళు చాలా ఉన్నాయి. పూట క్లాసుకి చేరాం. మమ్మల్ని 'వన్ టూ త్రీ వాల్' అనే రాతిగోడ దగ్గరికి తీసుకెళ్ళారు. కొత్తవాళ్ళను ఎక్కువగా ఎక్కించేది అక్కడే. ఏ దారి ఎంత కష్టమో ముందే అంకెలతో చెబుతారు. ఫ్రెంచి పద్ధతిలో 4, 5 అంటే మొదటిసారి ఎక్కేవాళ్ళకు సరిపోతాయి, 6 నుంచి అలవాటు ఉండాలి. ఆ రోజు మాకు 4, 5 మాత్రమే ఇచ్చారు. మావారు ఇంకొంచెం కష్టమైనది అడిగినా, గైడు నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు.

ముందు హెల్మెట్, తర్వాత నడుముకి హార్నెస్ అనే పట్టీ. తాడు పైనున్న కొక్కెంలోంచి కిందికి వస్తుంది. ఒక కొస ఎక్కేవాళ్ళ నడుముకి, రెండోది కింద పట్టుకున్న మనిషి దగ్గర. ఎక్కుతున్నకొద్దీ కింది మనిషి తాడు లాగుతూ బిగువుగా ఉంచుతాడు. చెయ్యి జారితే కాస్త కిందికి వేలాడతారు, అంతే. ముడి వేశాక గైడు చూస్తాడు, తాడు పట్టుకునేవాడు చూస్తాడు, మళ్ళీ గైడు చూస్తాడు. ఆ మూడోసారి చూడటం చూశాకే నా టెన్షన్ తగ్గింది.

మా అమ్మాయి సగం పైన ఆగిపోయింది. కాళ్ళు వణుకుతున్నాయి, కింది నుంచి నాకు కనిపిస్తోంది. దించేయమని అడగబోయాను. గైడు చెయ్యెత్తి నన్ను ఆపి, తన పాదం వైపు చూపించి, చేతులతో లాక్కోవద్దు, కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కో అన్నాడు. కాసేపటికి అది ఎడమ పాదం ఒక చిన్న అంచు మీద ఆనించి లేచింది. ఆ తర్వాత ఆగలేదు. పూట గడిచేలోపు మూడు దారులు ఎక్కింది. నేను రెండు ఎక్కాను. బాబు మనిషెత్తు వెళ్ళి చాలన్నాడు, ఎవరూ బలవంతం చేయలేదు.

చెట్టు కింద చాప మీద కూర్చున్న మా అత్తగారు అదంతా చూసి ఒక మాట అన్నారు. ఆవిడది అనకాపల్లి పక్క పల్లెటూరు. "మన ఊళ్ళో తాటిచెట్టు ఎక్కేవాళ్ళు కూడా మోకు లేకుండా ఎక్కరు కదమ్మా. మన పిల్లల్ని మాత్రం బీచిలో ఊరికే రాళ్ళెక్కిస్తాం."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

పోయిన వేసవిలో మా ఆడపడుచు కొడుకు, 12 ఏళ్ళవాడు, మా ఇంటికి దగ్గర్లోని బీచిలో ఫొటో కోసం రాయెక్కాడు. కెరటం తడిపిన నాచు మీద కాలు జారి గడ్డం పగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రాయి దగ్గర బోర్డు లేదు, చెప్పే మనిషి లేడు. తెన్నేటి పార్కు నుంచి భీమిలి దాకా ఏ ఆదివారం వెళ్ళినా చెప్పులతో, పట్టుచీరలతో, చంటిపిల్లల్ని ఎత్తుకుని రాళ్ళెక్కేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళను తప్పుపట్టను. రాయి కనిపిస్తే ఎక్కాలనిపిస్తుంది. ఏది ఎక్కవచ్చో, ఏది కూడదో చెప్పే ఏర్పాటే లేదు.

నా విన్నపం ఒక్కటే. మన తీరంలో కొత్తవాళ్ళు తాడుతో ఎక్కదగ్గ రాళ్ళు ఉన్నాయేమో శిక్షణ పొందినవాళ్ళతో పర్యాటక శాఖ పరిశీలింపజేయాలి. అలాంటివాళ్ళు మనకు లేకపోలేదు. 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట పట్టు నేర్చింది భువనగిరి కోట రాతి మీదే. అయితే భువనగిరిది గట్టి గ్రానైటు. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైటు. మన ఏజెన్సీ కోదుల పేరు మీదే దానికా పేరు వచ్చింది. గాలికీ వానకీ బాగా నానినచోట అది చేత్తో రాలిపోతుంది. కాబట్టి చూడటానికి సులువుగా ఉన్న రాయల్లా సులువైనది కాదు. కెరటాలకు దూరంగా, కింద చదునుగా, పైన రాళ్ళు రాలనిచోటే వెతకాలి. దొరక్కపోతే దొరకలేదని చెప్పినా మాకు మేలే.

ఇంకొక మాట. సముద్రపు గాలికి మా బాల్కనీ గ్రిల్లు రెండేళ్ళు ఆగదు. రైలేలోనూ ఇదే బాధ పడ్డారు. తాడు తగిలించడానికి రాతిలో బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు పైకి బాగానే కనిపిస్తూ లోపల పగుళ్ళు తీసి విరిగేవి. దాంతో టైటానియం బోల్టులు తెచ్చి, రాతికి రంధ్రం చేసి జిగురుతో అతికిస్తున్నారు. ఖర్చు ఎక్కువే. ఇక్కడ ఎవరైనా మొదలుపెడితే తక్కువ ధర టెండరు చూసి మామూలు ఇనుము బిగించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు. అది రాయి కాదు, వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక. అడుగు పడితే కరుగుతుంది. మంగమారిపేట దగ్గర సముద్రం చెక్కిన రాతి తోరణం మీదికి ఎక్కేవాళ్ళనూ ఆపాలి. ఎక్కదగ్గవి ఎక్కడున్నాయో చూపిస్తే, ఎక్కకూడనివాటి దగ్గర జనం తగ్గుతారని నా నమ్మకం.

ఏప్రిల్ ఆఖర్లో మా ఆడపడుచు పిల్లలు మళ్ళీ వస్తున్నారు. గడ్డం మీద మచ్చ ఉన్నవాడు ఫోన్‌లో అప్పుడే అడిగేశాడు, అత్తా, మీ అమ్మాయి ఎక్కినట్టు నన్నూ తాడుతో ఎక్కిస్తావా అని. విశాఖలో వాణ్ణి ఏ రాయి దగ్గరికి తీసుకెళ్ళాలో తెలియక, చూద్దాం నాన్నా అన్నాను.

ఒక పాఠకురాలు,
మధురవాడ, విశాఖపట్నం