చీమతో మొదలుపెట్టు

నేస్తం,

నీ ఉత్తరం అందింది. సంచీ నిండా మిగిలిపోయిన ఊలు ఉండలున్నాయని, పిల్లల ఆసుపత్రికి వేలిబొమ్మలు అల్లాలనుందని, "కుట్లు ఎన్నో చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా" అని రాశావు. కుట్ల లెక్క ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఏమే, ఈ పనిలో బొమ్మ ముఖం కన్నా ముందు వేలి సంగతి చూడాలి. బొమ్మ వేలి మీద నిలవాలి, లాగితే వెంటనే ఊడి రావాలి, దాని నుంచి మాత్రం ఏదీ ఊడి రాకూడదు. కింద రాసేదంతా ఈ మూడింటి కోసమే.

క్రోషియాతో చేయకూడదా అని అడిగావు. మీ నరసాపురం వైపు ఆ సూది ఎంత బాగా తిరుగుతుందో నాకు తెలియనిదా! అయినా ఈ పనికి రెండు సూదుల అల్లికే మేలు. క్రోషియాతో చేసిన గొట్టం దళసరిగా, బిరుసుగా వస్తుంది, పెద్దగా సాగదు. అల్లిక అడ్డంగా సాగుతుంది కాబట్టి ఒకే బొమ్మ ఐదేళ్ల పిల్లకీ ఎనిమిదేళ్ల పిల్లాడికీ పడుతుంది. బొమ్మ మీద అలంకారాలు కావాలంటే క్రోషియా సూది అప్పుడు తీయి.

సూదులు 10వ నంబరువి కొను, అంటే 3.25 మి.మీ. మన కొట్లలో నడిచేది పాత బ్రిటిష్ లెక్క, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా వాళ్ల నమూనాలో 3 అని ఉంటే మన కొట్టుకెళ్లి 3 అడక్కు, 6.5 మి.మీ. లావు సూది చేతిలో పెడతారు. వాళ్ల 3, మన 10 ఒకటే.

ఊలు ఆక్రిలిక్‌దే వాడు, డీకే మందంలో, అంటే మరీ సన్నమూ మరీ లావూ కానిది. సన్నని బేబీ ఊలు మిగిలి ఉంటే రెండు పోగులు కలిపి అల్లు. నూగు లేచే ఊలు, బొచ్చు ఊలు, జరీ పోగు కలిసింది పక్కన పెట్టెయ్. నూగు పిల్లల నోట్లోకి, ముక్కులోకి పోతుంది, జరీ గీసుకుంటుంది. ఒక్కో బొమ్మకు పట్టేది 3, 4 గ్రాములే, దాదాపు 8 మీటర్లు. మిగులు ముక్కలకు ఇంకో లెక్క గుర్తుంచుకో. 16 కుట్ల వరస ఒకటి అల్లడానికి పావు మీటరు పోగు పడుతుంది. 2 మీటర్ల తుంట ఉందంటే ఒక బొమ్మ చొక్కాకు సరిపడా 8 వరసలు వస్తాయన్నమాట, పారేయకు.

ఇప్పుడు కుట్లు. 16 ఎక్కించు. పక్క అతుకులో అటొకటి ఇటొకటి పోతాయి, 14 మిగులుతాయి. 10 సెం.మీ.కు 25 కుట్లు పడే బిగువులో అది 5.6 సెం.మీ. చుట్టుకొలత. చిన్నపిల్లల వేలికి అది కాస్త వదులే, ఆ వదులు ఉండనీ. 3 నుంచి 5 ఏళ్ల వాళ్లకు 14 కుట్లు వేసి, ఎత్తు కూడా 4 వరసలు తగ్గించు, లేకపోతే వాళ్ల పొట్టి వేలి మీద బొమ్మ తల వాలిపోతుంది. పెద్దవాళ్ల వేలికి 18 కుట్లవి కూడా కొన్ని ఉండాలి. వీటిని చాలామంది మరిచిపోతారు. సెలైన్ ఎక్కే పిల్లల చెయ్యి అట్టకు కట్టేసి ఉంటుంది, రెండో చేతి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు ఉండొచ్చు. అప్పుడు బొమ్మను ఆడించేది అమ్మో, నాన్నమ్మో, నర్సో. పెద్దవాళ్ల వేలు పట్టని బొమ్మ ఆ పూట ఎవరికీ పనికిరాదు.

కుట్లు ఎక్కించేటప్పుడు మాత్రం 9వ నంబరు సూది వాడు. మొదటి వరస బిగిస్తే అడుగు అంచు సాగదు, పైన ఎంత వదులుగా అల్లినా వేలు దూరదు. తర్వాత 10కి మారి, మొదటి 4 వరసలు ఒక కుట్టు నిట్ (సూటి కుట్టు), ఒక కుట్టు పర్ల్ (తిరగ కుట్టు) చొప్పున అల్లు. ఈ పట్టీ వేయకపోతే అంచు పైకి చుట్టుకుపోతుంది. ఆపైన ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. 8 వరసలు చొక్కా రంగు, 8 ముఖం రంగు, 4 జుట్టుదో తలపాగాదో. తర్వాత రెండేసి కుట్లు కలుపుతూ ఒక వరస (8 మిగులుతాయి), ఒక పర్ల్ వరస. పోగును 25 సెం.మీ. వదిలి కత్తిరించి, ఊలు కుట్టే మొద్దు సూదికి ఎక్కించి, ఆ 8 కుట్లలోంచి రెండుసార్లు లాగి బిగించు. ఒక్కసారి లాగి ఊరుకుంటే నెత్తిన చిల్లు పడుతుంది. మిగిలిన పోగుతో పక్క అతుకు కిందికి కుట్టేసుకుంటూ రా. మొత్తం ఎత్తు 7 సెం.మీ. పైచిలుకు వస్తుంది.

రంగు మార్చడం ఎప్పుడూ నిట్ వరసలోనే మొదలుపెట్టు. పర్ల్ వరసలో మారిస్తే రెండు రంగులూ కలిసిన గీత పైకి కనబడుతుంది. ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఒకే వరసలో రెండు రంగులు వాడి, వాడని పోగును లోపల వేలాడదీసే అల్లిక ఈ బొమ్మలకు వద్దే వద్దు. ఆ పోగులో పిల్లల గోరు చిక్కుకుంటుంది, వేలికి చుట్టుకుంటే రక్తం ఆడకుండా బిగుసుకుంటుంది. అడ్డ చారలు చాలు. కొసలన్నీ అతుకులోకే కుట్టి, లోపలంతా నున్నగా ఉందో లేదో నీ చిటికెన వేలు పెట్టి చూసుకో.

మెడ దగ్గర పోగు దూర్చి లాగితే తల, ఒళ్లు విడిగా కనిపించి బొమ్మకు అందం వస్తుంది. కానీ బొమ్మను నీ వేలికి తొడిగి ఉంచి లాగు. బల్ల మీద పెట్టి లాగితే వేలు మెడ దాటదు. తలలో దూది కూరకు, వేలే తల. దూది పెడితే వేలికి చోటుండదు, పైగా లోపలి నుంచి బయటికి వస్తుంది.

కళ్లకు పూసలు, బొత్తాలు, అంటించే ప్లాస్టిక్ కళ్లు ఏవీ వద్దు. కుట్టే వేయాలి. నల్ల ఊలు పురి విప్పి రెండు పోగులు తీసుకో. పక్క అతుకు వేయకముందే, బట్ట ఇంకా పరిచి ఉన్నప్పుడే, ముఖంలో 4వ వరస మీద, 7వ కుట్టు పైన ఒకటి, 10వ కుట్టు పైన ఒకటి ముడి కుట్టు వెయ్యి. సూది పైకొచ్చిన రంధ్రంలోంచే కిందికి దింపితే ముడి జారి లోపలికి పోతుంది. పక్కనున్న పోగును చీల్చి దింపు, నిలుస్తుంది. ఒక కంటి నుంచి రెండో కంటికి నల్ల పోగును లోపలే సాగదీయకు. తెల్ల ముఖంలోంచి నీడలా కనబడుతుంది, లోపల వేలాడే పోగు బెడద కూడా మళ్లీ మొదటికొస్తుంది.

ఏ బొమ్మలు చేయాలన్నావు కదా. నన్నడిగితే ఏడు చేపల కథ చెయ్యి. మనవాళ్లలో ఆ కథ రాని అమ్మమ్మ ఉండదు, వార్డులో ఎవరో ఒకరు అందుకుంటారు. ఎండని చేప ఒక్కటే కదా, చేప ఒక్కటి చాలు. గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ. మొత్తం ఏడు బొమ్మలు, 28 గ్రాములకు మించదు. గడ్డిమేటు పసుపు ఊలుతో అన్నీ నిట్ వరసలే అల్లితే గరుకుగా గడ్డిలాగే కనిపిస్తుంది, అయితే ఆ అల్లిక పొట్టిగా కూర్చుంటుంది కాబట్టి అదే ఎత్తుకు 24కి బదులు 34 వరసలు పడతాయి. ఆవు చెవులకు 3 కుట్లు వేసి 2 వరసలు అల్లి, మూడూ ఒకటిగా కలిపి, చెవి అంచు చుట్టూతా తలకు కుట్టు. ఒక్క మూల కుట్టి వదిలేస్తే లాగగానే వస్తుంది. చీమ మీసాలు నిలబెట్టకు, తల మీదే పరిచి కుట్టు.

తలసీమియా అనే రక్తపు జబ్బున్న పిల్లలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వస్తూనే ఉంటారు. వాళ్లకు ఏడూ ఒకేసారి ఇచ్చేయడం కన్నా వచ్చినప్పుడల్లా కథలో తర్వాతి బొమ్మ ఇస్తే బాగుంటుంది, ఈ మాట ఆసుపత్రి వాళ్లతో చెప్పి చూడు. సూది పొడిచేముందు మనవాళ్లు "చీమ కుట్టినట్టుంటుందిరా, అంతే" అంటారే, ఆ చీమ అప్పుడు నర్సు వేలి మీదే ఉంటుంది. నాకైతే ఏడింటిలోనూ చీమ అంటేనే ఇష్టం.

అల్లడం మొదలుపెట్టకముందే వార్డు సిస్టర్‌ని అడుగు. ఊలు బొమ్మలు తీసుకుంటారా, క్యాన్సర్ వార్డుకూ ఐసీయూకూ పంపొచ్చా, వయసు హద్దేమిటి అని. ఇమ్యూనిటీ తగ్గిన పిల్లల దగ్గరికి కొన్నిచోట్ల మెత్తటి బొమ్మలే రానివ్వరు. ఎవరికిచ్చిన బొమ్మ వాళ్లే ఇంటికి తీసుకెళ్లాలి, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోకూడదు. మూడేళ్ల లోపు వాళ్లకైతే పెద్దవాళ్ల వేలి మీదే ఉండాలి, నోట్లో పెట్టుకుంటారు.

అన్నీ అయ్యాక కళ్లనూ చెవులనూ గోటితో గట్టిగా లాగి చూడు. ఊడితే ఇంట్లోనే ఊడనీ. దిండు గలీబులో వేసి మూతి కట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉతికి నీడలో ఆరెయ్. ఇస్త్రీ పెట్టావో ఆక్రిలిక్ సాగి వేలాడిపోతుంది, మళ్లీ బిగువు రాదు. తడి పూర్తిగా పోయాకే ఒక్కోదాన్ని కొత్త జిప్ కవర్లో పెట్టి, ఆక్రిలిక్ ఊలు అని, ఉతికిన తేదీ, చిన్నదో పెద్దదో చీటీ మీద రాసి లోపల వెయ్యి.

మొదట చీమ ఒక్కటి అల్లు, ఒకే రంగు కాబట్టి త్వరగా తేలుతుంది. అయ్యాక అడుగు అంచు నుంచి నెత్తి దాకా ఎంతొచ్చిందో కొలిచి రాయి. 8 సెం.మీ. దాటితే నీ చెయ్యి వదులన్నమాట, 11వ నంబరు సూది కొనుక్కో.

నీ నేస్తం