రవికి: డబ్బు పాఠాల గురించి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. యూనివర్సిటీ పిల్లలకు డబ్బు వ్యవహారాలు నేర్పే కార్యక్రమం నీ నెత్తిన పెట్టారని చదివి తెగ నవ్వుకున్నాను. నెలాఖరు వచ్చిందంటే నా గది తలుపు తట్టేవాడివి, ఇప్పుడు నువ్వు గురువువి!

సరే, అసలు సంగతి. అందర్నీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి రెండు గంటలు స్లైడ్లు చూపించే పని మాత్రం పెట్టుకోకురా. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెట్‌మేయర్ అనే ముగ్గురు పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కతీశారు. డబ్బు విషయంలో మనుషుల ప్రవర్తనలో ఉండే తేడాల్లో ఇలాంటి చదువు వల్ల వచ్చింది 0.1 శాతమేనట! నేర్చుకున్నది కూడా నెలలు గడిచేకొద్దీ మరిచిపోతారట. 2022లో ఇంకో బృందం 76 ప్రయోగాలు చూసి, అంత నిరాశ అక్కర్లేదు, ఫలితం ఉందని తేల్చిందిలే. నన్నడిగితే, ఎప్పుడు చెప్పామన్నదాని మీదే అంతా ఉంది. లోన్ కాగితాల మీద సంతకం పెట్టే వారంలో చక్రవడ్డీ గురించి చెప్పు, కుర్రాడు చెవులు రిక్కించి వింటాడు. అదే ఆర్నెల్ల ముందు చెబితే ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

అందుకే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే కోచింగ్ పెట్టు. సీనియర్లకే శిక్షణ ఇచ్చి కోచ్‌లుగా కూర్చోబెట్టు. మన ముందు నోరు విప్పని పిల్లలు కూడా తోటివాళ్ళ దగ్గర అప్పుల సంగతి చెప్పేస్తారు. ఫలానా షేర్ కొను, ఫలానా పాలసీ తీసుకో అనకూడదని కోచ్‌లకు మొదటిరోజే గట్టిగా చెప్పు. ఉచితంగా క్లాసులు చెబుతామని ఏ బ్యాంకువాళ్ళయినా వస్తే, చివర్లో క్రెడిట్ కార్డు అప్లికేషన్లు పంచకుండా చూసుకో.

కార్డు అంటే గుర్తొచ్చింది. నెలకు 3 శాతం వడ్డీ అంటే పిల్లలు "అంతేనా?" అంటారు. వడ్డీ మీద వడ్డీ పడుతూ పోతే అది ఏడాదికి దాదాపు 42.6 శాతం. అప్పు ఎన్నాళ్ళకు రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే 72ని ఆ 3తో భాగించమను, 24 వస్తుంది. పైసా కట్టకపోతే ఇంచుమించు 24 నెలల్లో అప్పు రెట్టింపన్నమాట. "కనీస మొత్తం కడుతూనే ఉన్నానుగా" అని ధీమాగా ఉండేవాడి చేత స్టేట్‌మెంట్ తెరిపించు. కట్టినదాంట్లో వడ్డీకి ఎంత పోయిందో, అసలు ఎంత తగ్గిందో వాడినే చూసుకోనివ్వు. ఆ పది నిమిషాల ముందు నీ స్లైడ్లన్నీ బలాదూర్!

పరీక్ష పెట్టాలనుకుంటే లుసార్డీ, మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తయారుచేసిన మూడు ప్రశ్నలున్నాయి. వడ్డీ మీద ఒకటి, ద్రవ్యోల్బణం మీద ఒకటి, డబ్బంతా ఒకే కంపెనీ షేర్లలో పెట్టడం గురించి ఒకటి. కానీ మార్కులు చూసి మురిసిపోకు. ఆర్నెల్ల తర్వాత పిల్లల్ని మళ్ళీ పిలిచి, ఫీజు గడువులోగా కట్టారా, కార్డు బాకీ తగ్గిందా అని అడుగు. "సెషన్ ఎలా ఉంది?" అనే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ బాగుందనే రాస్తారు, తొందరగా బయటపడొచ్చని.

మీ దగ్గర ఫీజు కట్టే గడువు, లోన్ దరఖాస్తుల తేదీలు ఎప్పుడో వెంటనే రాయి. వాటికి రెండు వారాల ముందు కోచింగ్ మొదలయ్యేలా పట్టిక వేసి పంపుతాను. మీ డీన్ ఆడిటోరియమే కావాలని పట్టుబడితే అరగంటకు ఒప్పుకో. ఆ అరగంటలో కోచ్‌లను పరిచయం చేసి, అపాయింట్‌మెంట్లు రాయించుకుని పంపించెయ్.

నీ
శేఖర్