పాత విమాన టైంటేబుళ్లను తూకానికి వెయ్యకండి

సంపాదకుల వారికి,

పండగకు ఇల్లు దులిపేటప్పుడు అటకమీది ట్రంకుపెట్టెల్లోంచి పాత పాస్‌పోర్టులు, ఫొటోలు, వాటి మధ్య మడతలు పెట్టిన విమాన టైంటేబుళ్లు బయటపడుతుంటాయి. పాస్‌పోర్టు, ఫొటోలు మళ్లీ పెట్టెలోకి వెళతాయి. టైంటేబులు చిత్తుకాగితాలతో కలిసి తూకానికి పోతుంది. గడువు తీరిన వేళలు ఎవరికి కావాలి అనిపిస్తుంది. కొత్తది చేతికి రాగానే పాతది అందరూ పారేశారు కాబట్టే, మిగిలిన ఒకటి రెండు ప్రతులు ఇవాళ చరిత్రకు సాక్ష్యాలయ్యాయి.

మన డెక్కన్ ఎయిర్‌వేస్ సంగతే చూడండి. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టిన ఈ కంపెనీ బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపింది. 1953 ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. వారంలో ఏయే రోజుల్లో ఏ ఊరికి విమానం వెళ్లేది, దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగేది, టికెట్టు ఎన్ని రూపాయల ఎన్ని అణాలు, ఇవన్నీ ఒక్కచోట చూపించేది ఆనాటి టైంటేబులే. పుస్తకాల్లో మొదటి విమానం ఎగిరిన రోజు ఉంటుంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చారనీ, అక్కడినుంచి ఆయన సహచర పైలట్ నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్లారనీ చాలామంది రాశారు. ఆ బళ్లారి మజిలీ తరవాత హైదరాబాదుకు మారింది. ఇలాంటి మార్పులు ఒక్కొక్క సీజను టైంటేబులు వరసగా పేర్చుకుంటే కళ్లకు కడతాయి. 1949 జనవరిలో మొదలైన రాత్రి టపా విమానాలూ అంతే. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రిపూట బయలుదేరిన నాలుగు విమానాలు నాగపూరులో కలిసి, సంచులు మార్చుకుని వెనక్కి వెళ్లేవి. ఆ ఏర్పాటు ఎంత బిగువుగా నడిచేదో వివరించడానికి పేజీలు పడుతుంది. పట్టికలో నాలుగు వరసలు పక్కపక్కన చూస్తే చాలు.

చదవడంలో చాలామంది ఒకచోట తడబడతారు. పాత పట్టికల్లో ఊళ్ల పేర్లు మధ్యలో ఉంటాయి. ఎడమ వరస పైనుంచి కిందికి చదవాలి, కుడి వరస తిరుగు ప్రయాణం కాబట్టి కిందినుంచి పైకి. ఇది తెలియకపోతే విమానం బయలుదేరకముందే చేరినట్టు కనిపిస్తుంది. రోజుల అంకెల్లో 1 సోమవారం, 7 ఆదివారం. వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. కాబట్టి లండన్ ప్రయాణ కాలం లెక్కగట్టేటప్పుడు వేసవిలో అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారని మరవకూడదు. విమానం పేరు వెయ్యకపోయినా లెక్కనుబట్టి పట్టుకోవచ్చు. హైదరాబాదు నుంచి మద్రాసు ఆకాశమార్గాన సుమారు 520 కిలోమీటర్లు. రెండు గంటలకు పైగా పడితే డకోటా అనుకోవచ్చు, గంట చిల్లరైతే జెట్ కావచ్చు.

తేదీ లేని ప్రతి దొరికితే నిరాశ పడనక్కర్లేదు. ధర అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. నయాపైసలని ఉంటే ఆ ఏప్రిల్‌కూ 1964 జూన్‌కూ నడిమిది. ఎయిరిండియా పేరు చివర ఇంటర్నేషనల్ అన్న మాట ఉంటే 1948కీ 1962కీ మధ్య. సామాను పరిమితి 44 పౌన్లని ఉందా, 20 కిలోలని ఉందా అన్నదీ ఒక ఆనవాలు. ఎయిరిండియా పట్టికలో న్యూయార్కుకు బోయింగ్ 707 కనిపిస్తే 1960కి ముందుది కాదు, జంబో (బోయింగ్ 747) కనిపిస్తే 1971కి ముందుది కాదు. ముఖచిత్రం ఎంత అందంగా ఉన్నా, ఏ తేదీ నుంచి అమలో తెలిపే పంక్తి చిరిగిపోయిన ప్రతికంటే, అట్ట ఊడినా ఆ పంక్తి మిగిలిన ప్రతి నా లెక్కలో విలువైనది. మధ్యలో దూర్చిన సవరణ చీటీలు పారెయ్యకండి. అసలు పట్టికను మార్చింది అవే.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో కొనేవారు పదిరెట్లు చూపే భూతద్దం జేబులో పెట్టుకోవాలి. పాత లెటర్‌ప్రెస్ అచ్చులో అక్షరం అంచున సిరా కాస్త గట్టు కడుతుంది, వెనక వేలితో తడిమితే ఒత్తు తెలుస్తుంది. కలర్ జెరాక్సులో అక్షరమంతా రంగు చుక్కల ముద్ద. తుప్పు మరక ఉండి, అక్కడ పిన్ను గుచ్చిన రంధ్రం లేకపోతే అది నకలేమో అని అనుమానించాలి.

దాచడంలో జరిగే నష్టం ఎక్కువగా మంచి ఉద్దేశంతో జరిగేదే. లామినేషన్ చేయించవద్దు. ఆ వేడికీ జిగురుకూ కాగితం మళ్లీ విడిరాదు. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపు మరకై లోపలికి ఇంకుతుంది. పీవీసీ కవర్లు మెత్తబడి అచ్చును తమకు అంటించుకుంటాయి, పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు కొనండి. తుప్పు పట్టిన స్టేప్లర్ పిన్నును లాగితే మడత దగ్గర కాగితం చిరుగుతుంది. వెనకవైపు రెండు కాళ్లనూ మొద్దు చాకు అంచుతో మెల్లగా నిటారుగా లేపి, ముందునుంచి తియ్యాలి. అవే రంధ్రాల్లోంచి నూలుదారంతో వదులుగా కుట్టాలి. కోస్తా ఊళ్లలో వానాకాలం తేమ కాగితాన్ని వెంటనే కవర్లో మూసేస్తే బూజు పడుతుంది. ముందు అద్దుడు కాగితాల మధ్య పెట్టి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. నున్నటి ఆర్ట్ పేపరు తడిస్తే మాత్రం ఆరేదాకా ఆగకూడదు, అతుక్కుపోతుంది. తడిగా ఉండగానే పేజీలు విడదీసి మధ్యలో కాగితాలు పెట్టాలి.

స్కాన్ 400 డీపీఐకి తగ్గకుండా, రంగుల్లో, ప్రకటనలూ వెనక అట్టతో సహా తియ్యండి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, రోజు ఆ వరసలో పెడితే కంప్యూటరే కాలక్రమంలో పేరుస్తుంది. అక్షరాలను తనంతట తాను గుర్తించే సాఫ్ట్‌వేరును అంకెల వరసల విషయంలో నమ్మలేం, ఒక గడిలోది పక్కగడిలో వేస్తుంది. వేళలు చేత్తో టైపు చేసి, ఇంకొకరి చేత సరిచూపించాలి.

ఒక జాగ్రత్త. టైంటేబులు చెప్పేది కంపెనీ ఏం చేయదలచిందో. ఆ రోజు విమానం నిజంగా ఎగిరిందా అన్నది పాత పత్రికల్లోనో, ప్రయాణికుల కాగితాల్లోనో వెతకాలి.

తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారం (స్టేట్ ఆర్కైవ్స్), అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం ఇలాంటి కాగితాలను ప్రజల నుంచి అడిగి తీసుకుని, అమలు తేదీ ప్రకారం జాబితా వెయ్యాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎవరికి ఇచ్చినా కట్టను విడదీయకుండా ఇవ్వండి. టైంటేబులు పక్కనే అదే విమానపు టికెట్టు, సామాను చీటీ ఉంటే, పట్టికలోని ఆ ఒక్క పంక్తి ఆ రోజున నిజమైందని తేల్చేది ఆ రెండు ముక్కలే.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్